మంచుమీది ఘంటపు వ్రాత



మన పల్లెలలో మంచు అనగా పుష్యమాసమున తెల్లవారుజామున గడ్డిపరకలపై నిలుచు నీటిబొట్టు. ప్రొద్దు బారెడెక్కునప్పటికి అది మాయమగును. నిలువెత్తున పడి, నెలల తరబడి కరగక, రాతివలె గట్టిపడి, కొండవాలులను కప్పియుండు మంచును మనలో పెక్కుమంది చూచియుండరు. అట్టి మంచుపై ఒక పలకమీద నిలిచి, రెండు పాదములను దానికి బిగించుకొని, కొడవలివంటి వంపులను గీయుచు దిగువకు జారు విద్య యొకటి కలదు. ఆ పలకను స్నోబోర్డు అందురు. ఆ విద్యలో ఆల్పైన్ అను శాఖను గూర్చియు, దానికి వలయు గట్టిబూట్లను గూర్చియు, మంచును కోయుచు మలుపు తిరుగు పద్ధతిని గూర్చియు నేడు మీకు విన్నవించుచున్నాను.

ఈ ముసలి బడిపంతులునకు ఈ ప్రసంగమేల యని మీరు తలపవచ్చును. కారణము కలదు. మన గ్రామములలో బిడ్డయో మనుమడో సముద్రమునకు ఆవల నున్న కుటుంబములు నేడు తక్కువ కావు. మా అమ్మాయి పెద్దకుమారుడు అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. శీతకాలపు సెలవులలో మెత్తని బూట్లతో స్నోబోర్డు నేర్చి, ఇప్పుడు గట్టిబూట్లును, వానికి తగిన సన్నని పలకయు కొనదలచి తల్లికి తెలిపెను. తల్లి భయపడి, "నాన్నగారూ, నా మాట వాడు వినడు. మీరు వద్దనిన మానుకొనును. ఒక్క మాట వ్రాయుడు" అని నన్ను కోరినది. విచారింపని విషయమును ఔననుటయు, కాదనుటయు శాస్త్రము చదివినవానికి తగదు. పూర్వపక్షమును పూర్తిగా విని, దానికి సమాధానము వెదకి, పిమ్మటగాని సిద్ధాంతము చెప్పరాదని మా గురువులు నేర్పిరి. కావున మనుమనిని ప్రశ్నించియు, తెలిసినవారు వ్రాసినవి చదివియు, పందెముల చిత్రములు చూచియు నేను గ్రహించినదానిని మీ ముందుంచుచున్నాను.

తల్లి పక్షమున మూడు ఆక్షేపణలు కలవు. కాళ్ళు రెండును పలకకు బిగించుటయే కాక, చీలమండలను సయితము గట్టిబూటులో బంధించుట అపాయము కాదా యనునది మొదటిది. కొండవాలున అంత వేగముతో పోవుట యెందుకు అనునది రెండవది. ఇంత శ్రమకు ఫలమేమి యనునది మూడవది. వీనికి సమాధానము చెప్పుటకు ముందు ఈ విద్య పుట్టుకను, పనిముట్ల స్వరూపమును తెలిసికొనవలయును.

1965వ సంవత్సరమున క్రిస్మస్ పండుగనాడు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమందలి మస్కీగన్ పట్టణమున షెర్మన్ పాపెన్ అను నాతడు తన కుమార్తెలు మంచుపై ఆడుకొనుటకై రెండు స్కీబద్దలను ప్రక్కప్రక్కన చేర్చి బిగించి యిచ్చెను. స్కీ యనగా ఒక్కొక్క పాదమునకు ఒక్కొక్కటిగా కట్టుకొను పొడుగుపాటి జారుడుబద్ద. ఈ జంటబద్దకు స్నర్ఫర్ అను పేరు వచ్చినది. తరువాతి దశకమున డిమిత్రీ మిలోవిచ్, టామ్ సిమ్స్, జేక్ బర్టన్ కార్పెంటర్ మొదలగువారు దీనిని సంస్కరించి నేటి స్నోబోర్డును రూపొందించిరి. బర్టన్ 1977లో వెర్మాంటు రాష్ట్రమున తన పరిశ్రమను స్థాపించెను. ఈ పలక ఐరోపాలోని ఆల్ప్సు పర్వతములను చేరినపుడు, అచ్చటివారు తరతరములుగా స్కీవిద్యలో ఆరితేరినవారగుటచే, స్కీలకు వాడు గట్టిబూట్లను పోలిన బూట్లను దీనికిని జతపరచిరి. అందుచేతనే ఈ శాఖకు ఆల్పైన్ అను పేరు కలిగినది.

1980వ దశకమున ఫ్రాన్సు దేశీయుడగు సెర్జ్ విటెల్లి దేహము మంచును తాకునంతగా ఒరిగి మలుపు తిరుగుచుండెను. ఆ మలుపు నేటికిని అతని పేరుతోనే పిలువబడుచున్నది. స్విట్జర్లండు దేశమున జినాల్ గ్రామపు వాలులపై జాక్ రిల్యే, పాట్రిస్ ఫివా అను నిరువురు అదే మార్గమున మరింత దూరము పోయి, ప్రతి మలుపునందును దేహమును మంచుపై పరచినట్లు వాల్చు పద్ధతిని పెంపొందించిరి. ఇది వినోదము కొరకైన మార్గము. పందెపు మార్గము వేరు. 1998లో జపానులోని నాగానో నగరపు ఒలింపిక్ క్రీడలలో స్నోబోర్డు మొదటిసారి ప్రవేశించినది. అప్పుడు జెయింట్ స్లాలమ్ అను పందెమున పురుషులలో కెనడా దేశపు రాస్ రెబాగ్లియాటి, స్త్రీలలో ఫ్రాన్సు దేశపు కరీన్ రూబీ స్వర్ణపతకములు పొందిరి. 2002 నుండి ఇద్దరిద్దరు ప్రక్కప్రక్కన నున్న రెండు దారులలో ఒకేసారి దిగు పందెము వచ్చినది. 2006లో టురిన్ క్రీడలందు తుదిపోరు అన్నదమ్ముల నడుమనే జరిగినది. స్విట్జర్లండు వాడగు ఫిలిప్ షోక్ తన అన్న సైమనును గెలిచెను. 2018లో చెక్ దేశపు యువతి ఎస్టెర్ లెడెట్‌స్కా ఒకే క్రీడోత్సవమున స్కీలపై ఒక స్వర్ణమును, ఈ పలకపై ఒక స్వర్ణమును సంపాదించినది. స్కీ పందెమున ఆమె గెలిచిన వ్యవధి సెకనులో నూరవవంతు మాత్రమే.

ఇక పలకయొక్క స్వరూపము. ఆల్పైన్ పలక సామాన్యముగా 160 మొదలు 185 సెంటీమీటర్ల వరకు పొడవుండును. నడుమ వెడల్పు 18 మొదలు 22 సెంటీమీటర్లు. మెత్తని బూట్ల పలక నడుము సుమారు 25 సెంటీమీటర్లు. లోపల కొయ్య, దానికి క్రిందను మీదను గాజునారతో చేసిన పొరలు, అడుగున నున్నని ప్లాస్టిక్ పొర, ఇరుప్రక్కల ఉక్కు అంచులు. ఈ యంచును ఆకురాయితో రాచి, కొడవలిని సానపట్టినట్లు పదును పెట్టుదురు. మేలైన పలకలలో టైటనాల్ అను అల్యూమినియము మిశ్రలోహపు రేకులను గూడ చేర్చుదురు. అవి గట్టిమంచుపై పలక యదరకుండ కాపాడును.

ఈ పలక ప్రక్కలు తిన్నగా నుండవు. రెండు కొసలయందు వెడల్పయి, నడుమ సన్నమై, అంచు లోనికి వంగియుండును. ఇందులోనే రహస్యమంతయు నున్నది. భాస్కరాచార్యుల లీలావతి చదివినవారికి ఇది వెంటనే బోధపడును. వంపు తిరిగిన అంచు ఒక పెద్ద వృత్తములోని చాపము. దాని రెండు కొసలను కలుపు గీత జ్యా. జ్యామధ్యము నుండి చాపము వరకు గల ఎడము శరము. జ్యార్ధమును వర్గించి, శరముచే భాగించి, శరమును కలిపినచో వ్యాసము వచ్చునని లీలావతి చెప్పుచున్నది. మంచును తాకు అంచు పొడవు 150 సెంటీమీటర్లు, నడుమ లోతు 2 సెంటీమీటర్లు అనుకొందము. జ్యార్ధము 75. దాని వర్గము 5625. రెంటిచే భాగించిన 2812న్నర. రెండు కలిపిన 2814న్నర. ఇది వ్యాసము. సగము చేసిన వ్యాసార్ధము సుమారు 14 మీటర్లు. ఎనిమిది శతాబ్దములకు పైగా పూర్వము మన దేశమున చెప్పిన లెక్కయే నేడు మంచుపలక చేయువానికిని పనికివచ్చుచున్నది.

పలకను ప్రక్కకు ఒరగించి ఆ యంచుపై నిలిచినపుడు, నడుమనున్న ఎడము పూడునంత వరకు పలక వంగును. ఎంత ఒరగించిన అంత వంగును. గట్టి మంచుపై స్థూలముగా లెక్కించిన, 14 మీటర్ల పలకను 60 డిగ్రీలు ఒరగించినచో అది తిరుగు వృత్తపు వ్యాసార్ధము అందులో సగము, అనగా 7 మీటర్లగును. కనుక మలుపు తిరుగుటకు పాదములను మెలిపెట్టనక్కరలేదు. ఒరగించి ఓపికపట్టినచో పలకయే తిరుగును. దీనిని కార్వింగు, అనగా కోత యందురు. పలకను మెలిత్రిప్పి అడ్డముగా గీకుచు తిరిగినచో అది కోత కాదు, ప్రక్కజారుట.

ఈ భేదమును చూచినపుడు నాకు తాటాకుల వ్రాత జ్ఞప్తికి వచ్చినది. మా పెద్దల కాలపు తాళపత్రములు మా యింట కొన్ని గలవు. ఘంటము పట్టువాడు మొనను ఆకులో దింపి, సమముగా నొత్తుచు, వంపును వంపుగానే సాగనిచ్చును. మొన ప్రక్కకు జారెనా, అక్షరము చెడుటయే కాక ఆకు నార వెంబడి చీలును. మన తెలుగు అక్షరము గుండ్రనైనది ఆకును చీల్చకుండుటకే యని చెప్పు పెద్దలు కలరు. మంచుపై ఉక్కు అంచు చేయవలసినదియు ఇదే. చక్కని కోత మలుపు వెనుక మిగులునది దారమువలె సన్నని గీత. జారిన మలుపు వెనుక మిగులునది చీపురుతో ఊడ్చినట్టి వెడల్పాటి చార. మనుష్యుడు తాను బాగుగా తిరిగితినని చెప్పుకొనవచ్చును గాని గీత అబద్ధమాడదు. వెనుకకు తిరిగి తన జాడను చూచుకొన్నవానికి వేరు పరీక్షాధికారి అక్కరలేదు.

ఇప్పుడు గట్టిబూట్ల విషయమునకు వత్తము. సెకనుకు 10 మీటర్ల వేగముతో, అనగా గంటకు 36 కిలోమీటర్ల చొప్పున పోవువాడు 10 మీటర్ల వ్యాసార్ధముగల వంపు తిరిగినచో, వానిని వెలుపలికి లాగు బలము ఇంచుమించు వాని బరువునకు సమానమగును. అప్పుడు వాడు నిలుచుటకు 45 డిగ్రీలు లోపలికి ఒరగవలయును. 70 కిలోల మనుష్యుని కాళ్ళపై సుమారు 100 కిలోల బరువు పడును. ఆ బరువంతయు గోరువంతయు లేని ఉక్కు అంచుపై నిలువవలయును. చీలమండ కొంచెము సడలినను పలక ఒరపు తగ్గును, అంచు జారును. పిడి వదులైన గొడ్డలితో కట్టె కొట్టినవారు మీలో నుందురు. దెబ్బ తగులును గాని తలచిన చోట తగులదు. పిడి బిగువైనపుడు చేతిలోని తలపు అంచు వరకు చేరును. గట్టిబూటు చేయునది ఇదియే. మెత్తని బూటుతో కోత అసాధ్యమని కాదు. నేర్పరులు చేయుదురు. కాని గట్టి మంచుపై, నిండు వేగమున, నమ్మకముగా పట్టు నిలుపుటకు ఈ బిగువు మేలైనది.

ఆ బూటు పైడిప్ప గట్టి ప్లాస్టిక్కుతో చేయబడును. లోపల మెత్తని లోబూటు వేరుగా నుండును. దానిని వేడిచేసి తొడిగి, పాదపు ఆకృతికి సరిపోవునట్లు అచ్చు తీయుదురు. ముందువైపు లోహపు బకిల్సు మూడో నాలుగో యుండును. వెనుకవైపు మడమపై నొక మీట యుండును. దానిచే బూటు పైభాగము ముందుకు ఎంత వాలియుండవలెనో నిర్ణయింపవచ్చును. ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. గట్టిబూటు అనగా కదలని బూటు కాదు. ప్రక్కలకు గట్టిగా నిలిచి, ముందు వెనుకలకు స్ప్రింగు ఆసరాతో కొలది వంగునదియే మంచిది. చీలమండ ఏ మాత్రము వంగనిచో మోకాలు ముందుకు రాదు. మోకాలు రానిచో మంచుగతుకుల తాకిడిని మ్రింగుకొను శక్తి దేహమునకుండదు.

బూటు కొలతయందు పొరపాటు పడరాదు. పాదపు పొడవును సెంటీమీటర్లలో కొలిచి ఆ అంకెనే బూటు సంఖ్యగా వాడుదురు. 27 సెంటీమీటర్ల పాదమునకు 27వ సంఖ్య. వదులుగా నున్న సుఖమని పెద్దది కొన్నచో లోపల మడమ పైకి లేచును. అప్పుడు బకిల్సును మితిమీరి బిగింతురు, పాదము తిమ్మిరెక్కును, గట్టిబూట్లు బాధకరములని నిందింతురు. నింద బూటుది కాదు, కొలతది.

బూటును పలకకు పట్టియుంచు సాధనములను బైండింగులు అందురు. ముందును వెనుకను ఉక్కుకమ్మీలు బూటు అడుగును పట్టుకొనును. ముందున్న మీటను నొక్కినచో అవి బిగియును. పలక సన్నము గనుక పాదములను అడ్డముగా పెట్టరాదు. పెట్టినచో ఒరిగినపుడు బూటుకొన మంచుకు తగిలి అంచును లేపివేయును, మనుష్యుడు ఎగిరిపడును. అందుచే పాదములను పలక ముందరికొన వైపునకు 50, 60 డిగ్రీలు, కొందరు అంతకు మించియు, త్రిప్పి బిగింతురు. 30 సెంటీమీటర్ల బూటు 60 డిగ్రీలు తిరిగిన, అడ్డముగా దాని పొడవు ఆక్రమించు చోటు సగమునకు తగ్గును. బూటు వెడల్పు దానికి కొంత చేరును. ముందుకాలి వ్రేళ్ళ క్రిందను, వెనుకకాలి మడమ క్రిందను చిన్న ఎత్తులు పెట్టుటచే మోకాళ్ళు రెండును సుఖమైన స్థితికి వచ్చును. ఇవి అన్నియు ఎవరికి వారు సరిచూచుకొనవలసినవి. ఒకరి కొలత మరియొకరికి పనికిరాదు.

సాధన క్రమమిది. మొదట అంచు పదునుగా నుండవలయును. వాలు కొద్దిదిగా, వెడల్పుగా, జనము పలుచగా నుండవలయును. శీతల ప్రదేశములందు రాత్రివేళ పెద్ద యంత్రములు తిరిగి మంచును చదును చేసి, నాగలిచాళ్ళను చిన్నవి చేసినట్లు సన్నని గాళ్ళు తీర్చును. ఆ తీర్చిన మంచుపై తొలిప్రొద్దున చేయు సాధనకు సాటి లేదు. మధ్యాహ్నమునకు అది జనుల త్రొక్కిడిచే గుంటలు పడును.

విద్యార్థి మొదట వాలునకు అడ్డముగా పోవుచు, ఒక అంచుపై పలకను కొంచెము ఒరగించి, మెలిపెట్టక నిలిచి, కొంత దూరము పోయి ఆగి వెనుక గీతను చూచుకొనవలయును. గీత సన్నగా వచ్చువరకు మలుపు జోలికి పోరాదు. అది వచ్చిన పిదప ఒరపు పెంచుచు పలకయే కొండవైపు వంపు తిరుగుటను గమనింపవలయును. అనంతరము ఒక అంచు నుండి రెండవ అంచునకు మారుట నేర్వవలయును. ఈ మార్పు నడుమ పలక ఒక్క క్షణము చదునుగా నుండును. ఆ క్షణమున తొందరపడి పాదములను మెలిత్రిప్పుట క్రొత్తవారి సామాన్య దోషము. ఓర్చుకొని దేహమును పలకమీదుగా ఆవలిప్రక్కకు దాటించి, క్రొత్త అంచును మెల్లగా దింపవలయును.

వ్రేళ్ళవైపు మలుపున నడుము వంచి తలను మంచుపైకి దించుట దోషము. మోకాళ్ళను మంచువైపు నొత్తి, నడుమును నిలుపవలయును. మడమవైపు మలుపున పీటమీద కూర్చున్నట్లు వెనుకకు చతికిలబడుట దోషము. ఇది రెంటిలో కష్టమైనది. చీలమండలను వంచి, ఎదను పలక ముందరికొన వైపు త్రిప్పి, మోకాళ్ళను మలుపు లోపలికి నడుపవలయును. చేతులు రెండును ముందుండవలయును. చేయి చాపి మంచును తాకవలెనను కోరిక కలుగును. అది వలదు. దేహము సరిగా ఒరిగిననాడు మంచే చేతికి వచ్చును. చూపు పాదములపై నుండరాదు, మలుపు ముగియు చోట నుండవలయును.

ఇప్పుడు ఆక్షేపణలకు సమాధానము. వేగమును గూర్చి ముందు చెప్పెదను, ఏలయన నిజమైన అపాయమచ్చట కలదు. జారు మలుపున పలక మంచును గీకుటచే వేగము తగ్గును. కోత మలుపున గీకుడు లేదు గనుక వేగము పెరుగును. దానిని తగ్గించు ఉపాయము వృత్తమును నిండుగా పూర్తిచేయుటయే. మలుపును సగములో విడువక, పలక వాలునకు అడ్డము తిరిగి, కొంచెము ఎగువకు చూచువరకు సాగించినచో కొండయే వేగమును హరించును. వేగముగా పోవుట ఈ విద్య కాదు, మొదలిడిన వంపును ముగించుట ఈ విద్య. దీనితోపాటు, అవసరమైనపుడు పలకను అడ్డముగా త్రిప్పి గీకి ఆపుట గూడ రావలయును. అది రానివాడు కోతకు అర్హుడు కాడు.

మరియొక అపాయము ఇతరులది. కోయువాని దారి మిక్కిలి వెడల్పైనది. వాలు ఈ చివరనుండి ఆ చివరకు ప్రాకును. వెనుక వచ్చువారు దానిని ఊహింపలేరు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 1967లో వాలులమీద నడవడికకు పది నియమములు చేసినది. ముందున్నవానిని తప్పించుకొని పోవుట వెనుకవాని విధి యని వానిలో నొకటి. నియమము మనవైపున్నది గదా యని కన్నులు మూసికొనరాదు. ప్రతి మలుపునకు ముందు భుజముమీదుగా ఎగువకు చూచుట ప్రాణరక్షణము. శిరస్త్రాణము తప్పనిసరి.

బంధనమును గూర్చిన ఆక్షేపణకు పూర్తిగా కొట్టివేయదగినది కాదనియే సమాధానము. స్కీ పట్టీలు పడినపుడు విడివడును. ఈ పలక పట్టీలు సామాన్యముగా విడువవు. గట్టిబూటు చీలమండను కాపాడును గాని, అచ్చట ఆగిన తాకిడి మోకాలివైపు పోవచ్చును. కనుకనే కొలత, కోణము, క్రమసాధన ముఖ్యములు. అయినను బిగువే అపాయమనుట సరి కాదు. సగము బిగువు అంతకన్న చెడ్డది. వదులైన బండిచక్రమే ఇరుసును తినును.

ఫలమేమి యన్న ప్రశ్నకు మనుమడు వ్రాసిన జాబే చెప్పుదును. "తాతగారూ, దినమంతయు తిరిగినను ఈ బూట్లవారు ఒకరిద్దరే కనబడుదురు. అద్దె దుకాణములలో ఇవి దొరకవు. నేర్పువారు దొరకుట అంతకన్న అరుదు. ఉన్నవారు మాత్రము క్రొత్తవానిని చూచి ఆగి, పట్టీల కోణము సరిచేసి, వెనుక గీత చూపి పోవుదురు" అని వ్రాసెను. ఒలింపిక్ క్రీడలలో సయితము ఈ శాఖకు స్థానము విస్తరింపలేదు. ప్యారలెల్ స్లాలమ్ అను పొట్టిమలుపుల పందెము 2014లో సోచి నగరమున ఒక్కమారు జరిపి పిమ్మట విడిచిరి. పెద్ద లాభము లేని విద్యను చిన్న కర్మశాలలవారును, కొలదిమంది సాధకులును నిలుపుచున్నారు. ఘంటము పట్టువారు తగ్గిన కాలమున పుట్టిన నాకు ఆ మాట మనసున నాటినది. బ్రతుకుతెరువునకు పనికిరాని దేదియు వలదన్నచో, మనము చదివిన కావ్యములలో నెన్ని మిగులును?

నేను మనుమనికి వద్దని వ్రాయలేదు. మూడు నియమములు వ్రాసితిని. బూటును నోటిమాటతో గాక కొలిచి, తొడిగి చూచి కొనుమనుట ఒకటి. ఆపుట పూర్తిగా వచ్చువరకు నిటారువాలు ఎక్కవద్దనుట రెండు. ప్రతి దినము మొదటి గీతను వెనుదిరిగి చూచి, అది సన్నగా లేనినాడు వేగము పెంచవద్దనుట మూడు. తల్లికి ఆ జాబు చదివి వినిపించితిని. ఆమె భయము తీరినదని చెప్పజాలను. కాని ఇప్పుడు ఆమె కుమారుని "పడితివా" యని కాక, "నేడు గీత ఎట్లున్నది" అని అడుగుచున్నది. వాడును దాచక చెప్పుచున్నాడు.

శ్రోతలారా, మీ యిండ్లలోని పిల్లలును మనము చూడని దేశములందు, మనమెరుగని పనులయందు ప్రవేశించుచున్నారు. వారి క్రీడను ఎరుగక వద్దనిన, వారు మానరు, మనకు చెప్పుట మానుదురు. ఎరిగి అడిగిన ప్రశ్న వారికి కాపుదల. అట్టివారెవరైన మంచుపలక యెక్కుచున్నారని తెలిసిన, నాలుగు మాటలు తప్పక అడుగుడు. బూటు పాదమునకు సరిపోయినదా? అంచు పదునుగా నున్నదా? మలుపు మొదలిడకముందు ఎగువకు చూచుచున్నావా? మొదలిడిన వంపును ముగించుచున్నావా?